పాడుబడ్డ లోగిలిలో పాత నాణేలు: గోదావరి డెల్టాలో మెటల్ డిటెక్టర్ పట్టేవారికి సమగ్ర మార్గదర్శి

మా వైపు పాడుబడ్డ ఇంటికి వెళ్తే కంటికి ముందు ఇల్లు కనపడదు. కొబ్బరిచెట్ల మధ్య తుప్పలు మొలిచిన మట్టిదిబ్బ కనపడుతుంది. టేకు స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు పాత కలప వ్యాపారులు ఎప్పుడో కొనుక్కుపోయి ఉంటారు. బాగున్న పెంకులు పక్కవాళ్ళ పశువుల పాక మీదకి ఎక్కేసి ఉంటాయి. కప్పు లేని మట్టిగోడ రెండు మూడు వానాకాలాలకి కరిగి కూర్చుంటుంది. చివరికి మిగిలేది నుయ్యి, తులసికోట, అరుగు తాలూకు నాలుగు రాళ్ళు.

ఆ దిబ్బ చుట్టూ నేలలో ఒక కుటుంబం వందేళ్ళపాటు పారేసుకున్న చిల్లర ఉంటుంది. నీళ్ళు తోడటానికి వంగితే కొంగు ముడి వదులై జారిన కానీ బిళ్ళ, నులక మంచం మీద పడుకుంటే రొంటిన దోపుకున్న చోటి నుంచి జారిన పావలా, పిల్లాడు ఆడుకుంటూ దొడ్లో పోగొట్టి తన్నులు తిన్న అర్ధణా. ఈ వ్యాసం అలాంటి చిల్లర వెతికేవాళ్ళ కోసం. లంకెబిందెల కోసం వెతికేవాళ్ళకి ఇందులో ఏమీ లేదు. ఇంటివాళ్ళు దాచుకున్న సొమ్మును ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు తీసుకునే వెళ్తారు. తెలియకుండా పోయినదే నేలలో మిగులుతుంది.

ముందు కాగితం

మిషను కొనకముందే ఇది తెలుసుకోండి. మన దేశంలో 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా ఆ చట్టం దృష్టిలో నిధే. దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే, ఏం దొరికింది, సుమారు విలువ ఎంత, ఎక్కడ, ఏ తేదీన దొరికింది అన్నవి రాసి వీలైనంత త్వరగా కలెక్టరుకి ఇవ్వాలి. వస్తువును దగ్గరలోని ప్రభుత్వ ఖజానాలో జమ చెయ్యాలి, లేదా కలెక్టరు అడిగినప్పుడు తెచ్చి చూపేందుకు హామీ ఇవ్వాలి. నోటీసు ఇవ్వకుండా దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా పడవచ్చు. పది రూపాయల లెక్క 1878 నాటిది, ఈనాడు ఒక్క వెండి పావలా దొరికినా దాటిపోతుంది. కాబట్టి నాకు ఒక్కటి దొరికినా రాసి ఇచ్చేస్తాను, రసీదు తీసుకుంటాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కనుక ఆ ఊరు ఏ కలెక్టరు కిందకి వస్తుందో ముందే చూసుకోండి.

రెండోది 1972 నాటి పురావస్తువుల చట్టం. వందేళ్ళు నిండిన నాణెం ఈ చట్టం కింద పురావస్తువే. దాన్ని దేశం దాటించకూడదు, లైసెన్సు లేకుండా వ్యాపారం చెయ్యకూడదు. మూడోది రక్షిత కట్టడాల సంగతి. ద్రాక్షారామం, సామర్లకోట లాంటి పాత గుళ్ళ దరిదాపుల్లో మిషను సంచిలోంచి బయటికి తియ్యనే వద్దు. కేంద్ర రక్షిత కట్టడానికి వంద మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కాలవగట్లు ఇరిగేషన్ శాఖవి, గుడి మాన్యాలు దేవాదాయ శాఖవి, పోరంబోకు ప్రభుత్వానిది. ఇవేవీ మనం తవ్వే చోట్లు కావు. మనకు మిగిలేది సొంతదారు ఒప్పుకున్న ప్రైవేటు స్థలం ఒక్కటే.

సొంతదారు ఎవరో తేల్చుకోవడమే డెల్టాలో పెద్ద పని. పాత ఇళ్ళు ఎక్కువగా గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళ స్థలంలో ఉంటాయి, పొలానికి ఉన్నట్టు వాటికి అడంగల్ రికార్డు ఉండదు. ఇంటిపన్ను రసీదు ఎవరి పేర వస్తోందో పంచాయతీలో అడగాలి. ఆ పేరుగలాయన పోయి ఉంటారు, వాటాదారులు నలుగురైదుగురు ఉంటారు, ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో. ఒక్కరు ఒప్పుకుంటే చాలదు. నేను కనిపెట్టిన సులువు ఏమిటంటే, సంక్రాంతి దాకా ఆగడం. పండక్కి అందరూ ఊరికొస్తారు. ఒక కాగితం మీద స్థలం హద్దులు, తేదీలు, దొరికినవన్నీ ఏం చేస్తామన్నది రాసి అందరి సంతకాలు తీసుకోవచ్చు.

ఆ కాగితం నకళ్ళు వీఆర్వోకి, సర్పంచికి, పోలీస్ స్టేషన్‌లో ఒకటి ఇవ్వండి. మొదట్లో నేను యజమాని మాట ఒక్కటీ చాలనుకున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని దొడ్లో తిరుగుతుంటే గంటలో ముప్పై మంది పోగయ్యారు. అమావాస్య దగ్గర్లో ఉంది, గుప్తనిధుల కోసం ఎవరో వచ్చారని మాట పాకింది. కోపంగా ఉన్న ఊరి మధ్యలో నిలబడి సమాధానం చెప్పుకోవడం ఎంత టెన్షనో ఆ రోజు తెలిసింది. వాళ్ళ అనుమానంలో తప్పేమీ లేదు, క్షుద్రపూజలు చేసి గుళ్ళూ ఇళ్ళూ తవ్వేవాళ్ళ వార్తలు వాళ్ళు పేపర్లో చదువుతూనే ఉంటారు. అందుకే ఇప్పుడు పట్టపగలే వెళ్తాను, ముందురోజే ఊళ్ళో చెప్తాను, చూడటానికి వచ్చిన వాళ్ళకి హెడ్‌ఫోన్లు ఇచ్చి వినమంటాను.

మిషను కన్నా ముందు మామ్మగారు

పాత ఇంటి మీద మీరు పెట్టే సమయంలో సగం మాటలకే పోవాలి. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళో, ఆ ఇంటికి పాలేరుగా పనిచేసినవాళ్ళో ఒక్కరు దొరికినా చాలు. నాణేలు ఎక్కడున్నాయని వాళ్ళని అడగవద్దు, వాళ్ళకి తెలియదు. పశువుల్ని ఎక్కడ కట్టేవారు, ధాన్యం పురి ఎక్కడ కట్టేవారు, కల్లం ఎక్కడ చేసేవారు, మధ్యాహ్నం మగవాళ్ళు ఏ చెట్టు కింద మంచాలు వేసుకునేవారు, చేపలమ్మి ఏ గుమ్మం దగ్గర గంప దింపేది అని అడగండి.

కోనసీమలో ఒక లోగిలికి వెళ్ళినప్పుడు ఎనభై దాటిన మామ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి దిబ్బ దగ్గరికి తీసుకొచ్చారు మనవలు. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత చెయ్యి చాపి, “గాజుల మలారం దింపేది ఆ తూర్పరుగు మీదే బాబూ. ఆడవాళ్ళం నలుగురం వరసగా కూర్చునేవాళ్ళం. మా అత్తగారు బేరం తేలకుండా డబ్బులు తీసేవారు కాదు” అన్నారు. అరుగు అక్కడ లేదు, గడ్డి ఉంది. నేనైతే ఆ మూలకి మధ్యాహ్నం దాకా వెళ్ళేవాణ్ణే కాదు.

డబ్బు చేతులు మారిన చోటే డబ్బు జారిపోతుంది. వీధి అరుగు ముందు భాగం, నూతి చుట్టూ నాలుగైదు గజాలు, దొడ్డిగుమ్మం, చింతచెట్టు నీడ, పెరట్లోంచి కాలవ రేవుకి వెళ్ళే దారి, సంక్రాంతికి కోడిపందేలు ఆడిన ఖాళీ స్థలం. ఇవన్నీ ఒక కాగితం మీద బొమ్మ గీసుకోండి. వంటింటి వెనక అంట్లు తోమే చోటు కూడా గుర్తు పెట్టుకోండి. అక్కడ నాణేలు తక్కువ, ఇత్తడి ముక్కలు ఎక్కువ, మిషను అక్కడ ఊరికే అరుస్తూ ఉంటుంది.

ఒక మాట. శంకుస్థాపన రోజున పునాదిలో, ద్వారబంధం నిలబెట్టే రోజున గుమ్మం కింద నాణేలు, నవధాన్యాలు వేసే ఆచారం మనకుంది. గుమ్మం రాయి కింద గట్టి సిగ్నల్ వస్తే అవి అవే. నేను వాటిని తవ్వను. పోగొట్టుకున్నది వేరు, ఇచ్చినది వేరు.

డెల్టా నేల చేసే మాయ

ఇంగ్లండు వాళ్ళ వీడియోలు చూసి ఇక్కడ దిగితే నిరాశే. మన నేల వేరు, మన ఇళ్ళు కట్టిన తీరు వేరు.

గోదావరి వరదకి భయపడి డెల్టాలో ఇల్లు ఎప్పుడూ మెరక మీదే కట్టారు. పక్కనే చెరువు తవ్వి ఆ మట్టితో స్థలాన్ని లేపేవారు. ఆపైన ఏటా వాకిలికి కొత్త మట్టి వేసి అలికేవారు. పదేళ్ళ కిందట పడిన నాణెం మీద పది పూతలు ఎక్కుతాయన్నమాట. ఇల్లు కూలాక గోడమట్టి మూడు నాలుగు అడుగుల ఎత్తున కప్పేస్తుంది. మామూలు మిషను ఒక నాణేన్ని ఆరేడు అంగుళాల లోతు దాకా, బాగా పెద్దదైతే ఎనిమిది అంగుళాల దాకా పట్టుకుంటుంది. దిబ్బ నడిమధ్యన తిరిగితే మీకు వినపడేది కూలిన కప్పులోని మేకులు మాత్రమే. కాబట్టి దిబ్బని వదిలి దాని అంచులకి రండి. కరిగిన మట్టి పలచబడి, పాత వాకిలి మట్టం పైకి తేలే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ మట్టి రంగు మారుతుంది, చిన్న పెంకు ముక్కలు, కుండ పెంకులు, గాజు ముక్కలు కనపడతాయి. ఆ గీత వెంట నడవండి.

కొబ్బరితోటగా మారిపోయిన స్థలాల్లో మరో సంగతి ఉంది. వరసల మధ్య బోదెలు తవ్వుతారు, ఏటా ఆ బోదెలో పూడిన మట్టిని తీసి చెట్ల మొదట్లో వేస్తారు. అంటే లోతున ఉన్నది పైకి వస్తుంది. బోదె గట్టు మీద పావలా బిళ్ళ దాదాపు పైకే కనపడేలా దొరికిన రోజులున్నాయి. గోదావరి మధ్యలోని లంకల్లో దీనికి తలకిందులు. 1953లో, 1986లో వచ్చినలాంటి పెద్ద వరద ఒక్కసారి తెచ్చి పోసే ఒండ్రు కింద పాత నేల మొత్తం మునిగిపోతుంది. లంక ఇళ్ళ మీద ఆశ తక్కువ పెట్టుకోండి.

సముద్రానికి దగ్గరి ఊళ్ళలో ఉప్పు నేల ఉంటుంది. తడిసిన ఉప్పు విద్యుత్తును మోస్తుంది కనుక మిషను దాన్నే లోహంలా భావించి కూస్తుంది. నల్ల ఇసుకలోని ఇనుప ఖనిజం కూడా అంతే. అలాంటి చోట సెన్సిటివిటీ, అంటే మిషను చురుకుదనం, సగానికి తగ్గించి, నేల కూతని మిషను పట్టించుకోకుండా చేసే గ్రౌండ్ బ్యాలెన్స్‌ని ప్రతి పావుగంటకీ మళ్ళీ చూసుకోవాలి.

కాలం విషయానికొస్తే, వేసవిలో కాలవలు కట్టేశాక నల్లమట్టి బండలా అయిపోతుంది, నెర్రెలు విచ్చుతుంది. గునపం కూడా దిగదు. వానాకాలంలో తుప్పలు నడుం దాకా ఉంటాయి. సార్వా కోతలయ్యాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. గడ్డి వాలి ఉంటుంది, నేలలో చెమ్మ ఉంటుంది, ఎండ ఉండదు. తొలకరి రెండు వానలు పడ్డ వారం కూడా బాగుంటుంది, చెమ్మ నేలలో సిగ్నల్ స్పష్టంగా వస్తుంది.

పాములు, నూతులు, పైపులు

పెంకుల కుప్పలో చెయ్యి పెట్టవద్దు, అసలెప్పుడూ పెట్టవద్దు. కట్లపాము, రక్తపింజర, నాగుపాము మూడూ డెల్టాలో ఉన్నాయి, పాడిల్లు వాటికి ఇష్టమైన చోటు. మోకాలి కింద దాకా వచ్చే బూట్లు, చేతికర్ర ఉండాలి. కర్రతో నేల తడుతూ నడవండి. కరిస్తే కొయ్యడం, పీల్చడం, గట్టిగా కట్టడం చెయ్యకుండా, కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఒంటరిగా వెళ్ళకూడదనడానికి ఇదే కారణం.

పాత నూతికి ఒర పడిపోయి గడ్డి కప్పేసి ఉండొచ్చు. మామ్మగారు చెప్పిన బొమ్మలో నుయ్యి ఎక్కడుందో అక్కడ ముందే నాలుగు కర్రలు పాతి తాడు కట్టండి. ఇక కోనసీమలో నేల కింద గ్యాసు, చమురు పైపులు పోతుంటాయి. 2014 జూన్‌లో నగరం గ్రామంలో పైపులైను పేలి ఎంతమంది కాలిపోయారో ఈ ప్రాంతం మరిచిపోలేదు. హెచ్చరిక రాళ్ళు, బోర్డులు కనపడిన చోట గునపం ఎత్తవద్దు.

మిషను, పనిముట్లు

మిషను కింది చివర ఉండే పళ్ళెం లాంటి కాయిల్‌లో దిశలు మారే కరెంటు పారుతుంది, దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగుతుంది. అక్కడ లోహం ఉంటే అందులో చిన్న సుడి కరెంట్లు పుట్టి, అవి తిరిగి ఒక బలహీనమైన క్షేత్రాన్ని పైకి పంపుతాయి. ఆ జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందన్న దాన్నిబట్టి మిషను లోహాన్ని అంచనా కట్టి తెర మీద ఒక అంకె చూపుతుంది. ఇనుముకి చిన్న అంకె, రాగి వెండికి పెద్ద అంకె. గారెట్, మైన్‌ల్యాబ్, నోక్టా ఏ కంపెనీదైనా ఈ సూత్రం ఒకటే. గ్రౌండ్ బ్యాలెన్స్ సొంతంగా మార్చుకునే వీలున్నది చూసుకోండి, అది లేనిది మన తీరప్రాంతానికి పనికిరాదు. పెద్ద కాయిల్‌తో పాటు ఆరంగుళాల చిన్న కాయిల్ కూడా తీసుకోండి. మేకుల మధ్య చిన్నదే నిజం చెప్తుంది.

మిగతావి ఇంట్లో ఉన్నవే. చిన్న గునపం, మేస్త్రీ వాడే తాపీ, మట్టి పొయ్యడానికి ఖాళీ యూరియా బస్తా, కొబ్బరి పీచు తాడు, కొలతకి టేపు, కాగితపు కవర్లు, నోటుపుస్తకం. గుంటలో నాణెం సరిగ్గా ఎక్కడుందో చెప్పే, చేతిలో పట్టే చిన్న పిన్‌పాయింటర్ ఒక్కటి కొనాలి. అది లేకపోతే ముద్ద కట్టిన నల్లమట్టిలో నాణెం కోసం అరగంట పిసకాలి.

స్థలానికి వెళ్ళేముందు ఇంటి పెరట్లో పరీక్ష మడి పెట్టండి. ఒక వెండి రూపాయి, ఒక కానీ, ఒక పాత అల్యూమినియం పది పైసలు, ఒక మేకు, ఒక మాత్రల షీటు రేకు, వేరువేరుగా నాలుగు, ఆరు, ఎనిమిది అంగుళాల లోతున పాతండి. వారం రోజులు రోజుకో అరగంట వినండి. చెవికి అలవాటైతే తెర చూడాల్సిన పని సగం తగ్గుతుంది.

వెతకడం

నాలుగు గజాల వెడల్పున పీచు తాడు కట్టి పట్టీలు చేసుకోండి. ఒక పట్టీ పూర్తయ్యాకే రెండోది. కాయిల్ నేలకి సమంగా, అంగుళం ఎత్తున, ఊయల ఊగినట్టు చివర్లలో పైకి లేవకుండా కదలాలి. ప్రతి ఊపు ముందరి ఊపు మీద సగం పడాలి. త్వరగా నడిచేవాడికి ఏమీ దొరకదు, ఇది నిజం. ఒక పట్టీని ఉత్తర దక్షిణాలుగా చూశాక తూర్పు పడమరలుగా మళ్ళీ చూడండి. మేకు పక్కన పడుకున్న నాణెం ఒక దిక్కు నుంచి వినపడదు, రెండో దిక్కు నుంచి పలుకుతుంది.

మంచి సిగ్నల్ రెండు వైపుల నుంచీ ఒకేలా, గుండ్రంగా, అంకె పెద్దగా ఊగకుండా వస్తుంది. ఒక వైపు నుంచి కీచుమని, మరో వైపు నుంచి మొరటుగా తెగిపోతే అది చాలాసార్లు వంగిన మేకు. తొంభై డిగ్రీలు తిరిగి మళ్ళీ ఊపండి. ఎద్దుల లాడాలు, సైకిలు ముక్కలు, కొడవలి మొనలు, సోడా సీసా మూతలు లెక్కలేనన్ని వస్తాయి. వాటితో విసుగు పుట్టి, వద్దనుకున్న లోహాలకి మిషను పలక్కుండా చేసే డిస్క్రిమినేషన్ పెంచేస్తే అసలుకే మోసం. రాగి నికెలు కలిపి చేసిన అణాలు మాత్రల రేకు పలికే అంకెలోనే పలుకుతాయి. రేకుల్ని వద్దనుకుంటే అణాలు కూడా పోతాయి. కాబట్టి ఇనుము తప్ప మిగతావన్నీ తవ్వాలనే నియమం పెట్టుకున్నాను.

తవ్వడం

పిన్‌పాయింట్ చేసి మధ్యబిందువు పట్టుకున్నాక, దానికి జానెడు దూరంలో తాపీ దించండి, మధ్యలో కాదు. మధ్యలో దించితే నాణెం మీద గీత పడుతుంది, ఆ గీత ఇక పోదు. మూడు వైపులా కోసి, నాలుగో వైపు గడ్డి వేళ్ళని అలాగే ఉంచి, మట్టిగడ్డని మూతలా తిప్పండి. తవ్విన మట్టి అంతా యూరియా బస్తా మీదే పడాలి. గుంటలో పిన్‌పాయింటర్ పెట్టి చూడండి, లేకపోతే బస్తా మీది మట్టిలో చూడండి.

నాణెం కనపడగానే చేత్తో పెకలించవద్దు. పక్క మట్టి వదులు చేసి, అది ఉన్న లోతు టేపుతో కొలిచి, ఫోనుతో ఫొటో తీసి అప్పుడు తియ్యండి. చుట్టూ ఏముందో చూడండి, బొగ్గా, పెంకా, గాజా. ఒక చోట ఒకే గుంటలో అయిదారు వచ్చాయంటే, ఒక చిన్న కుండ మూతి తగిలిందంటే, అక్కడే ఆపండి. అది జారిన చిల్లర కాదు, దాచిన సొమ్ము. యజమానిని పిలిచి, వీఆర్వోకి ఫోను చేసి, వాళ్ళ ఎదుటే మిగతాది జరగాలి.

కొబ్బరి వేరు అడ్డం వస్తే కొయ్యవద్దు, సిగ్నల్ వదిలెయ్యండి. పని అయ్యాక మట్టి వెనక్కి పోసి, గడ్డి మూత వేసి, కాలితో తొక్కి, చెంబెడు నీళ్ళు పొయ్యండి. తీసిన మేకులు, రేకులు సంచిలో వేసుకుని తీసుకుపొండి. మర్నాడు అక్కడికి ఆవులు మేతకొస్తాయి, గుంటలో కాలు విరిగినా, కడుపులో మేకు పడినా ఆ పాపం మనదే.

దొరికినది ఏమిటి

డెల్టా ఇళ్ళలో అన్నిటికన్నా ఎక్కువ దొరికేది కానీ, అంటే అణాలో నాలుగోవంతు. విక్టోరియా రాణి బొమ్మతో 1862 నుంచి వచ్చినవి మందపాటి రాగివి, ఆరున్నర గ్రాముల దాకా తూగుతాయి. 1906 నుంచి కంచువి, పలచన. యుద్ధకాలంలో లోహం పొదుపు కోసం 1943 నుంచి 1947 దాకా మధ్యలో చిల్లుతో వేశారు, అదే చిల్లుకానీ. రెండే గ్రాములు, అయినా ఉంగరంలా ఉంటుంది కనుక చక్కగా పలుకుతుంది.

వెండి రూపాయి లెక్క 1835లో స్థిరపడింది. 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు, అదే మన తులం. పెద్దవాళ్ళు “రూపాయెత్తు” అనేది దీన్ని చూసే. అందులో వెండి నూటికి 91.7 పాళ్ళు. 1940 నుంచి సగానికి తగ్గించారు, తరువాత వెండి తీసేసి నికెలు పెట్టారు. కాబట్టి తేదీ చూడకుండా వెండి అనుకోవద్దు. 1911 రూపాయి దొరికితే జాగ్రత్తగా చూడండి. రాజు వస్త్రం మీది ఏనుగు బొమ్మ పందిలా కనపడుతోందని గొడవ రేగింది, 1912లో బొమ్మ మార్చారు. బేడ, అంటే రెండణాలు, 1917 దాకా సన్నటి వెండి బిళ్ళ, 1918 నుంచి నలుపలకల రాగి నికెలు. అణా 1907 నుంచి అలల అంచుతో వచ్చింది. తేదీ పక్కనో కిందో చిన్న చుక్కో డైమండో ఉంటే ఎక్కువగా బొంబాయి టంకశాల, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా.

ఇంతకన్నా పాతవి కూడా మన నేలలో ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఉత్తర సర్కారుల (మన కోస్తా జిల్లాల) కోసమే 1794లో, 1797లో ఇంగ్లండులో యంత్రాల మీద కొట్టించి తెచ్చిన రాగి నాణేల మీద 48 కలిపితే ఒక రూపాయి అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీ రాగి నాణెం పేరు డబ్బు, ఆ మాటే ఈనాడు సొమ్మంతటికీ పేరైంది. పాలకొల్లు, నరసాపురం వైపు డచ్చివారు వర్తకం చేశారు, వాళ్ళ రాగి బిళ్ళ మీద వీ, ఓ, సీ అనే మూడు అక్షరాలు ఒకదాన్లో ఒకటి పెనవేసి ఉంటాయి. యానాం 1954 దాకా ఫ్రెంచివారిది. ఇలాంటివి మామూలు దొడ్లో పడటం అరుదు, పడితే మాత్రం మ్యూజియం వాళ్ళకి చూపించాల్సిందే.

స్వాతంత్ర్యం తరువాతవి తేలిక. 1950 నుంచి మూడు సింహాలు, కానీ మీద గుర్రం, బేడ మీద ఎద్దు. 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు. 1960ల మధ్య నుంచి అల్యూమినియం, ఇది డెల్టా ఉప్పు నేలలో తెల్లగా పొడి రాలిపోతుంది.

ఒక హెచ్చరిక. నాణెం మీది తేదీ అది పడిపోయిన తేదీ కాదు. పాత వెండి నాణేలను ప్రభుత్వం చలామణీ నుంచి తప్పించింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే. విక్టోరియా కానీ 1940ల పిల్లాడి చేతిలోంచి కూడా జారి ఉండొచ్చు.

కడగడం

చింతపండు వద్దు. నిమ్మకాయ వద్దు, ముగ్గుపిండి వద్దు, బూడిద వద్దు. నాకు మొదట దొరికిన మంచి నాణెం 1862 కానీ. ఆకుపచ్చ చిలుము చూసి ఆగలేక చింతపండుతో తోమాను. ఎర్రగా మెరిసింది, రాణి జుట్టులోని గీతలు పోయాయి. ఇప్పటికీ అది తీసి చూసుకుంటే మనసు చివుక్కుమంటుంది.

డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు రోజులు నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో మట్టి వదిలించి, ఒత్తకుండా తుడిచి నీడన ఆరబెట్టండి. రాగి మీద మట్టి గట్టిగా పట్టి ఉంటే మినరల్ ఆయిల్‌లో వారాల తరబడి ఉంచి, మధ్యమధ్య వెదురుపుల్లతో తియ్యండి. చిలుము గట్టిగా, నున్నగా ఉంటే అది నాణేనికి రక్ష. పొడిపొడిగా, లేతాకుపచ్చగా రాలుతుంటే ఉప్పు తింటోందని అర్థం, నీళ్ళు మార్చి మార్చి నానబెట్టాలి. దాచేది కాగితపు కవర్లలో, సిలికా జెల్ పొట్లంతో. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో కొన్నాళ్ళకి జిగురు పుట్టి నాణెం పచ్చబడుతుంది.

రాసిపెట్టడం

ఎక్కడ దొరికిందో తెలియని కానీకి పాత సామాన్ల కొట్టులో కానీకి తేడా లేదు. ఈ పని మొత్తంలో నేను అన్నిటికన్నా పట్టుబట్టేది దీనికే. ప్రతి కవరు మీదా వరుస నంబరు, తేదీ, కదలని గుర్తు నుంచి దూరం, దిక్కు, లోతు, మట్టి రంగు, పక్కన దొరికినవి. కదలని గుర్తంటే నుయ్యో, తులసికోటో, రాతిమెట్టో. చెట్టు పనికిరాదు. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో ఎన్ని చెట్లు పడ్డాయో తెలిసినవాళ్ళెవరూ చెట్టుని గుర్తుగా పెట్టుకోరు.

సాయంత్రానికి జాబితా మూడు కాపీలు రాయండి. ఒకటి యజమాని కుటుంబానికి, ఒకటి నోటీసుతో కలెక్టరాఫీసుకి, ఒకటి మీ దగ్గర. వస్తువుల సంగతి చట్టం తేల్చేదాకా దేన్నీ అమ్మడం, పంచడం, వాట్సాప్‌లో ఊరి పేరుతో పెట్టడం చెయ్యవద్దు. ఫొటో ఊరి పేరుతో బయటికి వెళ్ళిందంటే మర్నాడు రాత్రి వేరేవాళ్ళు గునపాలతో వస్తారు.

ఎలా రాయాలో తెలియడానికి, మామ్మగారు చెయ్యి చాపి చూపించిన చోట ఆ రోజు నాలుగో కవరు మీద రాసుకున్నది ఇక్కడ ఇస్తున్నాను:

“నం. 4. బేడ, వెండి, 1917. తులసికోట తూర్పు మూల నుంచి ఆగ్నేయంగా పదకొండు అడుగులు. లోతు అయిదంగుళాలు. మెరక మట్టి, గోధుమ రంగు. పక్కన ఆకుపచ్చ గాజు ముక్కలు మూడు, ఎర్రది ఒకటి. తూర్పరుగు ముందు. చోటు చూపినవారు: ఇంటి పెద్దావిడ.”